మా కన్వర్టర్ విడుదలకు ఏ టూల్స్ పెట్టుకున్నాం, ఏవి వదిలేశాం

నేను నల్గొండలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేసుకునే ఒక తమ్ముడూ నేనూ కలిసి చిన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి నడుపుతున్నాం. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ అది. పైథాన్‌లో రాశాం. కోడ్ అంతా, కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సైటులో ఎంఐటీ లైసెన్స్ కింద ఉంది.

వాడేవాళ్ళు రెండు రకాలు. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు డీటీపీ షాపులవాళ్ళు మొదటి రకం. ఏళ్ళ తరబడి పెళ్ళికార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసీ చేసీ వాళ్ళ దగ్గర పేజ్‌మేకర్ ఫైళ్ళు గుట్టలుగా పడి ఉంటాయి. రెండో రకం ప్రోగ్రామర్లు, దీన్ని లైబ్రరీగా తమ కోడ్‌లో పెట్టుకునేవాళ్ళు. షాపువాళ్ళకు డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోవాలి. ప్రోగ్రామర్లకు పిప్ అనే పైథాన్ కమాండుతో ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేయాలి. ఒకే కోడ్‌ను రెండు వాకిళ్ళ నుంచి బయటికి పంపాలన్నమాట.

కోడ్ రాయడం మాకు ఎప్పుడూ బరువనిపించలేదు. విడుదల దగ్గరికి వచ్చేసరికే ప్రాణం మీదకు వచ్చేది. వెర్షన్ నంబరు సెటప్ ఫైల్లో, ప్రోగ్రామ్ విండో టైటిల్లో, రీడ్‌మీలో విడివిడిగా మార్చాలి. నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో వీల్, అంటే పిప్ ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ ఫైల్, తయారు చేయాలి. విండోస్ ఎక్స్‌ఈ కోసం ల్యాబ్ ఖాళీ అయ్యేదాకా ఆగి, అక్కడి సిస్టమ్ మీద కూర్చోవాలి. పైథాన్ ప్యాకేజీలు దొరికే సైటైన పైపీఐలో ఎక్కించే టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి సంకేతం) నా ల్యాప్‌టాప్‌లోనే ఉండేది. ఇవన్నీ వరసగా రాసిన నోట్‌బుక్ నా టేబుల్ సొరుగులో ఉండేది. తమ్ముడు బగ్ సరిచేసి పంపినా, నాకు పరీక్షల డ్యూటీ పడితే ఆ సవరణ షాపులకు చేరడానికి నెల పట్టేది. వాడు ఏమీ అనేవాడు కాదు గానీ, “అన్నా, ఎప్పుడు వదులుతున్నాం?” అనే ప్రశ్న మాత్రం వాట్సాప్‌లో వస్తూనే ఉండేది.

ఎండాకాలం సెలవుల్లో దీని మీద కూర్చున్నాం. ఇంటర్నెట్‌లో చూస్తే విడుదల టూల్స్‌కు అంతే లేదు, ఒక్కోదాన్నీ మెచ్చుకునే వ్యాసాలకూ అంతే లేదు. అందుకని ముందే రెండు షరతులు పెట్టుకున్నాం. నేను ఫోన్ ఎత్తకపోయినా వాడు విడుదల చేయగలగాలి. ఇది నా షరతు. మనం ఎంచుకున్న టూల్ రేపు ఆగిపోతే, పెద్దగా తవ్వకుండా ఇంకోదానికి మారగలగాలి. ఇది వాడిది. కొత్తదా పాతదా, స్పీడెంత, ఎన్ని స్టార్లున్నాయి అన్నవి ఆ తర్వాతే.

మొదట పైథాన్ వైపు సంగతి. సెటప్ డాట్ పై అనే ఫైల్‌తో పని నడిచిన కాలం మాది. దాని కింద ఉండే డిస్ట్‌యుటిల్స్‌ను 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 నుంచి తీసేశారు. సెటప్‌టూల్స్ దాన్ని తనలో కలుపుకుంది కాబట్టి పాత ఫైళ్ళు చాలావరకు నడుస్తాయి, కానీ ఇక ఆ దారిలో కొత్తగా కట్టడంలో అర్థం లేదు. ఇప్పుడంతా పైప్రాజెక్ట్ డాట్ టామల్ అనే ఒక్క ఫైలే. పెప్ 518, పెప్ 517, పెప్ 621 అనే మూడు ప్రమాణాలు దీనికి ఆధారం. ప్యాకేజీ పేరు, వెర్షన్, లైసెన్స్, ఆధారపడే లైబ్రరీలు, ఇవన్నీ ప్రమాణం చెప్పిన చోటే రాస్తాం. దాన్ని చదివి వీల్ కట్టే బ్యాకెండ్ ఏదన్నది వేరే రెండు మూడు లైన్లు. తమ్ముడి షరతు ఇక్కడే చాలావరకు తీరిపోయింది. బ్యాకెండ్ నచ్చకపోతే ఆ లైన్లూ, దాని సొంత సెట్టింగులూ మారిస్తే చాలు, మిగతాది కదలదు.

ఏ బ్యాకెండ్ అన్నది మాత్రం మా జేసన్ ఫైళ్ళు తేల్చాయి. అదెలాగో చెప్పాలంటే కన్వర్టర్ లోపల ఏముందో కొంచెం చెప్పాలి. పాత ఫాంట్లలో అక్షరాలు కంటికి కనిపించే ముక్కలుగా ఉంటాయి. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, క్రావడి ఒక ముక్క. ‘ప్ర’ అని టైపు చేస్తే ఫైల్లో పడేది ప రూపమూ, దాని పక్కన క్రావడి గుర్తూ. యూనికోడ్‌లో అదే ‘ప్ర’ అంటే ప, పొల్లు, ర అనే మూడు సంకేతాలు, అదే వరసలో. ‘స్త్రీ’కి వచ్చేసరికి ఒకే అక్షరంలో స, త, ర మూడూ పోగుపడి, పైన గుడిదీర్ఘం కూడా ఉంటుంది. ఏ ముక్క ఏ సంకేతం కావాలి, ఏది ముందుకు జరగాలి, ఏది వెనక్కి పోవాలి అన్న పట్టికలు జేసన్ ఫైళ్ళలో ఉన్నాయి. నిజానికి కోడ్ కంటే ఆ పట్టికలే మా సొత్తు. కోడ్ ఎవరైనా తిరగరాయొచ్చు, ఆ పట్టికలు మాత్రం షాపుల చుట్టూ తిరిగి పోగుచేసినవి.

సెటప్‌టూల్స్ పైథాన్ ఫైళ్ళను తనంతట తానే తీసుకుంటుంది. జేసన్ లాంటివి ప్యాకేజీలోకి రావాలంటే విడిగా చెప్పాలి. కొత్త ఫాంటు పట్టిక చేర్చిన ప్రతిసారీ అది జాబితాలోకి వస్తోందా లేదా అని ఆలోచించాల్సిన పని నాకు ఇష్టం లేదు. హాచ్ వాళ్ళ హాచ్‌లింగ్ అయితే ప్యాకేజీ ఫోల్డర్లో గిట్‌కు వదిలేయమని మనం చెప్పినవి తప్ప అన్నీ తీసుకుంటుంది. ఫ్లిట్ కూడా ఫోల్డర్లో ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకుంటుంది, ఇంకా సింపుల్. పోయెట్రీ చాలామంది వాడేదే. 2025 జనవరిలో వచ్చిన 2.0 నుంచి అది కూడా పెప్ 621 పద్ధతిని ఒప్పుకుంటుంది. కానీ లైబ్రరీల వెర్షన్లను తాళం వేసి కాపాడటం దాని అసలు బలం. మాకేమో బయటి లైబ్రరీలే దాదాపు లేవు. యువి అయితే రస్ట్‌లో రాసింది, చిటికెలో పని ముగిస్తుంది. నా క్లాసులో పిల్లలకు నేను నేర్పేది ఇప్పుడు అదే. అయితే మా వీల్ పాత పద్ధతిలోనూ కొన్ని సెకన్లలోనే తయారవుతుంది, స్పీడు పెరిగితే మిగిలేదేమీ లేదు. హాచ్‌లింగ్ దగ్గర ఆగాం. ఫ్లిట్‌ను కాదనడానికి కారణం వెర్షన్ నంబరు, దాని సంగతి కింద చెబుతాను.

బ్యాకెండ్ ఏదైనా సరే, తయారైన వీల్‌ను నమ్మకూడదన్నది మా పద్ధతి. వీల్ ఫైల్ అంటే జిప్ ఫైలే, విప్పి చూడొచ్చు. కానీ మనిషి విప్పి చూడటం మీద పెట్టుకుంటే ఒకరోజు చూడకుండానే పంపేస్తాడు. అందుకే సర్వర్ మీద (ప్యాకేజీ కట్టే పనంతా ఇప్పుడు గిట్‌హబ్ యాక్షన్స్ అనే సేవ ఇచ్చే యంత్రం మీదే) ఒక ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే విడి పైథాన్ చోటు, తీసి, వీల్‌ను అందులో ఇన్‌స్టాల్ చేసి, ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘ప్రజ్ఞ’ లాంటి మాటలను మార్పించి సరిపోల్చే చిన్న పరీక్ష పెట్టాం. ఈ పరీక్షను రిపో, అంటే మా కోడ్ ఉన్న ఫోల్డర్, బయటి నుంచి నడపాలి. లోపలి నుంచి నడిపితే పైథాన్ పక్కనే ఉన్న మన సోర్స్ ఫోల్డర్‌నే ఎత్తుకుంటుంది, వీల్లో పట్టికలు లేకపోయినా పరీక్ష పాసైపోతుంది. చిన్న సంగతే గానీ ఇది తెలియక తలలు పట్టుకున్నవాళ్ళను చూశాను.

ఇక వెర్షన్ నంబరు. ఇది ఇంతసేపు చర్చకు వస్తుందని మేమిద్దరం అనుకోలేదు. మొదట్లో సెమాంటిక్ వెర్షనింగ్ లెక్కన 1.4.2 లాంటి నంబర్లు వాడేవాళ్ళం. మొదటి అంకె మారితే పాత కోడ్‌తో పొసగదని, రెండోది మారితే కొత్త సదుపాయం వచ్చిందని, మూడోది మారితే బగ్ సరిచేశారని. ప్రోగ్రామర్లకు బాగుంటుంది. షాపులో అడిగితే సంభాషణ ఇలా ఉంటుంది:

“అన్నా, మీ దగ్గర ఏ వెర్షన్ ఉంది?”

“వెర్షన్ గిర్షన్ నాకేం ఎరుక తమ్మీ. ఉగాదప్పుడు ఇచ్చినవ్ చూడు, గదే.”

ఇంకో షాపులో ‘ఎలక్షన్లప్పటిది’. పెన్‌డ్రైవ్‌లోనూ వాట్సాప్‌లోనూ చేతులు మారి వచ్చిన ఫైళ్ళకు కాలమే గుర్తు. మరి నంబరే కాలమైతే సరిపోదా అని క్యాలెండర్ వెర్షనింగ్‌కు వచ్చాం. ఏడాది, చుక్క, నెల. ఉబుంటు, పిప్ కూడా ఏడాదిని బట్టే నంబరు ఇస్తాయి. మార్చిలో వచ్చింది 2025.3. 2025.03 అని సున్నా పెట్టి రాద్దామనుకున్నాం, చూడ్డానికి బాగుంటుందని. పైథాన్ వెర్షన్ నియమాలు చెప్పే పెప్ 440 ప్రకారం ఆ సున్నాను తీసేస్తారు, తయారైన ఫైల్ పేరులో 2025.3 అనే ఉంటుంది. ట్యాగ్ ఒకలా, ఫైల్ ఒకలా ఎందుకని సున్నా వదిలేశాం. ఒక హెచ్చరిక: 1.4.2 నుంచి 2025.3కి ఎక్కడం సులువు, దిగడమే కష్టం. మళ్ళీ 1.5కి వద్దామంటే పిప్ దాన్ని పాతదిగా లెక్కేస్తుంది. నంబరు ముందు ఇంకో అంకె తగిలించే ఎపాక్ అనే ఏర్పాటు ఉంది గానీ, అది పెట్టిన నంబరు చూస్తే షాపువాళ్ళు నన్ను లోపలికి రానివ్వరు.

నంబరు ఎక్కడ రాయాలి? ఎక్కడా రాయకూడదు, గిట్ ట్యాగ్ (విడుదల చేసే కోడ్‌కు పెట్టే గుర్తు) నుంచే రావాలి అన్నది మా నిర్ణయం. హాచ్ వీసీఎస్ అనే ప్లగిన్ ఆ పని చేస్తుంది. విండో టైటిల్ కూడా ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని అడిగి అదే నంబరు చూపిస్తుంది. ఫ్లిట్‌లో నంబరును కోడ్ ఫైల్లోనో టామల్ ఫైల్లోనో రాసుకోవాలి, అందుకే హాచ్‌లింగ్ గెలిచింది.

దీంట్లో తెలుసుకోవాల్సిన మెలికలు రెండున్నాయి. అసలు విడుదలకు ముందు మెయిన్ బ్రాంచ్ నుంచి టెస్ట్ పైపీఐ అనే పరీక్షా సైటుకు రిహార్సల్ చేస్తాం. సర్వర్ మన కోడ్‌ను తెచ్చుకునేటప్పుడు మామూలుగా చివరి కమిట్ (సేవ్ చేసిన మార్పు) ఒక్కటే తెచ్చుకుంటుంది, పాత ట్యాగులు దానికి కనపడవు. ట్యాగ్ కనపడకపోతే ప్లగిన్ 0.1 డెవ్ అని ఏదో పేరు పెట్టేస్తుంది. చరిత్ర మొత్తం తెచ్చుకోమని చెకౌట్ దగ్గర ఒక లైను రాయాలి. చరిత్ర వచ్చాక నంబరు సరిగ్గానే వస్తుంది గానీ, దాని చివర ప్లస్ గుర్తూ కమిట్ ముక్కా తగిలిస్తుంది. ప్లస్ గుర్తున్న వెర్షన్లను పైపీఐ తీసుకోదు. ఆ తోక వద్దని ఇంకో సెట్టింగు. ఇవి రెండూ పెట్టాక రిహార్సల్ సాఫీగా సాగింది. రిహార్సల్ ఎందుకంటారేమో. పైపీఐలో ఒకసారి ఎక్కిన ఫైల్ పేరు మళ్ళీ వాడనివ్వరు, తీసేసినా సరే. తప్పుడు ఫైల్ ఎక్కితే దాన్ని యాంక్ చేసి, అంటే కొత్తవాళ్ళకు దొరకకుండా పక్కన పెట్టి, వేరే నంబరుతో మళ్ళీ రావాల్సిందే.

టోకెన్ విషయంలో నాకు పెద్ద ఊరట దొరికింది. 2024 జనవరి 1 నుంచి పైపీఐలో రెండంచెల లాగిన్ అందరికీ తప్పనిసరి. అదలా ఉంచితే, అంతకు ముందే 2023 ఏప్రిల్‌లో వాళ్ళు ట్రస్టెడ్ పబ్లిషింగ్ అనే పద్ధతి తెచ్చారు. పైపీఐలో మన ప్రాజెక్టు సెట్టింగుల్లోకి వెళ్ళి గిట్‌హబ్ ఖాతా పేరు, రిపో పేరు, వర్క్‌ఫ్లో ఫైల్ (సర్వర్ చేయాల్సిన పనులు రాసిన ఫైల్) పేరు, ఎన్విరాన్‌మెంట్ (ఎవరి ఆమోదం కావాలో చెప్పే గిట్‌హబ్ సెట్టింగు) పేరు నింపాలి. అంతే. ఆ వర్క్‌ఫ్లో నడిచినప్పుడు తానెవరో గిట్‌హబ్ నుంచి ధ్రువీకరణ తెచ్చుకుని చూపిస్తుంది, పైపీఐ దానికి పావుగంట మాత్రమే చెల్లే టోకెన్ ఇస్తుంది. పాస్‌వర్డ్ దాచుకునే పనే లేదు. నా ల్యాప్‌టాప్‌లోని పాత టోకెన్‌ను రద్దు చేశాను. పబ్లిష్ చేసే జాబ్‌ను కట్టే జాబ్ నుంచి విడదీసి, ధ్రువీకరణ అడిగే హక్కు ఒక్క పబ్లిష్ జాబ్‌కే ఇచ్చాం. ప్యాకేజీ కట్టేటప్పుడు బయటి కోడ్ ఎంతో కొంత నడుస్తుంది కదా, దాని చేతికి తాళాలు ఇవ్వడం దేనికి?

ఎన్విరాన్‌మెంట్‌కు రివ్యూయర్లుగా ఇద్దరి పేర్లూ పెట్టాం. ట్యాగ్ పడగానే అంతా తయారై, ఆమోదం కోసం ఆగుతుంది. ఫోన్‌లో బటన్ నొక్కితే పైపీఐకి పోతుంది. ట్యాగ్ పెట్టినవాళ్ళే ఆమోదించకుండా ఆపే ఆప్షన్ కూడా ఉంది. పెద్ద ప్రాజెక్టులకు అదే మంచిది. ఇద్దరే ఉన్న ప్రాజెక్టులో పెట్టుకుంటే మళ్ళీ నా ఫోన్ కోసం వాడు కాచుకోవాలి. దాన్ని పెట్టుకోలేదు.

సర్వర్ మీదే కట్టాలన్న పట్టుదలకు ఇంకో కారణం ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే టూల్ వ్యవహారం. 2024 మార్చి చివర్లో బయటపడింది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి దొరికింది. దాన్ని మేల్కొలిపే ముక్క గిట్ రిపోలో లేదు, డౌన్‌లోడ్‌కు పెట్టే మూటలో, అంటే విడుదల టార్‌బాల్‌లోనే ఉంది. అంటే కోడ్ చదివినవాళ్ళకు కనపడదు, డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళకు అంటుకుంటుంది. మాది చిన్న కన్వర్టరే అయినా, ట్యాగ్‌లో ఉన్నదే విడుదలలో ఉందని ఎవరైనా సరిచూసుకునేలా ఉండాలి. నా ల్యాప్‌టాప్‌లో కట్టిన ఫైల్‌కు ఆ భరోసా ఎక్కడిది? అలాగని సర్వర్‌నూ గుడ్డిగా నమ్మలేం. 2025 మార్చిలో 23,000కు పైగా రిపోలు వాడుతున్న ఒక గిట్‌హబ్ యాక్షన్‌ను (వర్క్‌ఫ్లోలో వాడుకునే రెడీమేడ్ ముక్కను) చెరబట్టి, దాని పాత ట్యాగులన్నిటినీ చెడ్డ కమిట్ వైపు తిప్పేశారు. ఆ తర్వాత మేం వాడే యాక్షన్లను ట్యాగ్ పేరుతో కాకుండా 40 అక్షరాల కమిట్ సంకేతంతో పిలవడం మొదలుపెట్టాం. చూడ్డానికి వికారంగా ఉంటుంది. డిపెండబాట్ అనే గిట్‌హబ్ బాట్ వాటిని అప్‌డేట్ చేస్తూ ఉంటుంది కాబట్టి చేతిపని లేదు.

ఇంతవరకూ ప్రోగ్రామర్ల వాకిలి. అసలు తిప్పలన్నీ షాపుల వాకిలి దగ్గరే.

పైథాన్ ప్రోగ్రామ్‌ను ఎక్స్‌ఈ చేయడానికి పైఇన్‌స్టాలర్, న్యూట్కా, బ్రీఫ్‌కేస్ మూడూ చూశాం. న్యూట్కా కోడ్‌ను సీలోకి మార్చి కంపైల్ చేస్తుంది, దానికి పట్టే టైము మా బుజ్జి ప్రోగ్రామ్‌కు ఎక్కువనిపించింది. బ్రీఫ్‌కేస్ నేరుగా ఎంఎస్‌ఐ (విండోస్ ఇన్‌స్టాలర్ ఫైల్) ఇస్తుంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాన్ని చూడాల్సిందే, మేం మాత్రం ఫోల్డర్లన్నీ దానికి తగ్గట్టు మార్చుకోవాలి. పైఇన్‌స్టాలర్ ఎప్పటినుంచో ఉన్నది, ఏ ఎర్రర్ వచ్చినా ఎవరో ఒకరు ముందే ఎదుర్కొని ఉంటారు. దాంతోనే వెళ్ళాం. లైనక్స్ మీద కూర్చుని విండోస్ ఎక్స్‌ఈ చేయడం దానివల్ల కాదు, విండోస్ మీదే చేయాలి. పబ్లిక్ రిపోలకు గిట్‌హబ్ యాక్షన్స్‌లో విండోస్ సర్వర్ ఉచితమే కాబట్టి ల్యాబ్ ఖాళీ కోసం కాచుకునే బాధ తప్పింది. ఎండాకాలం కరెంటు పోయినా పని సర్వర్ మీద సాగిపోతూనే ఉంటుంది.

ఒకే ఫైల్‌గా చేయాలా, ఫోల్డర్‌గా చేయాలా అన్నది పెద్ద ప్రశ్న. ఒకే ఎక్స్‌ఈ అయితే వాట్సాప్‌లో పంపడానికి హాయి. కానీ తెరిచిన ప్రతిసారీ అది తనలో ఉన్నదంతా టెంప్ ఫోల్డర్లోకి విప్పుకుని అప్పుడు మొదలవుతుంది. హార్డ్ డిస్క్ ఉన్న పాత సిస్టమ్ మీద నొక్కి, టీ చెప్పి వచ్చినా ఆగమనే గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉండేది. పైగా అలా తనను తాను విప్పుకునే ఫైళ్ళంటే యాంటీవైరస్‌లకు అనుమానం. వైరస్‌లు రాసేవాళ్ళు కూడా ఇదే పైఇన్‌స్టాలర్ వాడతారు, ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే దాని బూట్‌లోడర్ ముఖం అందరిదీ ఒకటే. ఒక షాపులో యాంటీవైరస్ మా ఫైల్‌ను అడక్కుండానే చెరిపేసింది. ఫోల్డర్ పద్ధతికి మారాక ఆ గొడవ బాగా తగ్గింది. ఆ ఫోల్డర్‌ను ఇన్నో సెటప్‌తో ఇన్‌స్టాలర్‌గా చుట్టాం. దాని స్క్రిప్టు మామూలు టెక్స్ట్ ఫైల్, గిట్‌లో ఉంటుంది, తమ్ముడు కూడా మార్చగలడు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగకుండా వాడేవాడి ఖాతాలోనే ఇన్‌స్టాల్ అయ్యేలా ఒక సెట్టింగు ఉంది. మాకు అది ప్రాణావసరం. చాలా షాపుల్లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఓనర్‌కు తెలియదు, సిస్టమ్ రిపేర్ చేసే అబ్బాయికి తెలుసు, ఆ అబ్బాయి ఫోన్ ఎత్తడు.

విండోస్ సర్వర్ మీద పరీక్ష నడపడం వల్ల ఇంకో లాభం. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను సంకేతాలుగా దాచే పద్ధతి, చెప్పకపోతే, విండోస్‌లో పైథాన్ ఆ సిస్టమ్ లోకల్ కోడ్ పేజీ తీసుకుంటుంది. ఇంగ్లీష్ సెట్టింగులున్న సిస్టమ్‌లో దానికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు, చార్‌మ్యాప్ అని ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. లైనక్స్‌లో అంతా యూటీఎఫ్ 8 కాబట్టి అక్కడ ఎప్పటికీ బయటపడదు. పైథాన్ 3.15 నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్ 8నే తీసుకునేలా పెప్ 686 రాశారు. మా షాపులకు అది చేరేది ఎప్పుడో! అందాకా మన పరీక్షే దిక్కు.

ఇన్‌స్టాలర్ పంపిన మొదటి రోజే క్లాక్ టవర్ దగ్గరి షాపు అన్న ఫోన్ చేశాడు.

“తమ్మీ, నువ్వు పంపిందాన్ని నొక్కితే నీలం డబ్బా వచ్చింది. నీ పీసీని కాపాడినమని రాసుంది. నేనైతే మూసేసిన.”

“మంచి పని చేశావన్నా. అందులో చిన్న అక్షరాలతో మోర్ ఇన్ఫో అని ఉంటుంది...”

“గదంతా నాకెందుకు, నువ్వే వచ్చి జేసిపో.”

వెళ్ళి చేసి వచ్చాను. కానీ వచ్చిన హెచ్చరికనల్లా దాటుకుపొమ్మని జనానికి నేర్పడం నాకు నచ్చని పని. రేపు నిజంగా వైరస్ వచ్చినా అదే బటన్ నొక్కుతారు. డిజిటల్ సంతకం లేని, కొత్తగా కనిపించిన ఎక్స్‌ఈకి విండోస్ ఆ డబ్బా చూపించడం సబబే. సంతకం కావాలంటే సర్టిఫికెట్ కొనాలి, ఏటా ఖర్చు. 2023 జూన్ 1 నుంచి సంతకం చేసే రహస్య తాళాన్ని మామూలు ఫైల్‌గా ఇవ్వడం కూడా లేదు, హార్డ్‌వేర్ టోకెన్‌లోనో అలాంటి భద్రమైన పరికరంలోనో ఉండాలి. పెన్‌డ్రైవ్ లాంటి ఆ టోకెన్ నా దగ్గర ఉంటే తమ్ముడు విడుదల చేయలేడు, వాడి దగ్గర ఉంటే నేను చేయలేను. మా మొదటి షరతు అక్కడే గాలికి పోతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు సైన్‌పాత్ ఫౌండేషన్ ఉచితంగా సంతకం చేసిపెడుతుంది, అదీ సర్వర్ మీద కట్టిన ఫైళ్ళకు. మా పద్ధతికి సరిగ్గా సరిపోతుంది. దరఖాస్తుకు కావాల్సినవి సర్దుతున్నాం. ఈలోగా ప్రతి విడుదల పక్కన, ఫైల్ మారిందో లేదో తెలిపే ఎస్‌హెచ్‌ఏ 256 సంకేతం పెడుతున్నాం. షాపువాళ్ళు దాన్ని సరిచూస్తారని కాదు. వాళ్ళ సిస్టమ్ చూసే అబ్బాయి చూస్తే చాలు.

మార్పుల జాబితా, అంటే చేంజ్‌లాగ్, దగ్గర మేం ఏ టూలూ పెట్టుకోలేదు. సెమాంటిక్ రిలీజ్ లాంటివి కమిట్ సందేశాలు చదివి నంబరు తేల్చి, జాబితా కూడా అవే రాస్తాయి. దానికి కమిట్ సందేశాలు ఒక పద్ధతిలో రాయాలి. తమ్ముడి సందేశాల్లో సగం ‘చిన్న సవరణ’, మిగతా సగం ‘ఇంకో చిన్న సవరణ’. వాటినుంచి జాబితా తీస్తే ఎవరికి ఉపయోగం? టౌన్‌క్రయర్ బాగుంది, ప్రతి మార్పుకూ ఒక చిన్న ఫైల్ రాసి పెడితే విడుదలప్పుడు కలుపుతుంది, కానీ అది పదిమంది పనిచేసే చోట పనికొచ్చేది. షాపువాళ్ళు చదివేది తెలుగులో ఒక ముక్క: ‘లక్ష్మి, సూక్ష్మం లాంటి మాటల్లో క్ష్మ విరిగిపోకుండా సరిచేశాం.’ పెళ్ళికార్డుల సీజన్‌లో లక్ష్మి విరిగిందంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అది మనిషే రాయాలి. సర్వర్ చేసేదల్లా, ట్యాగ్ నంబరుతో చేంజ్‌లాగ్‌లో ఒక శీర్షిక ఉందా అని చూడటం. ఉంటే ఆ భాగాన్ని విడుదల పేజీలో పెడుతుంది, లేకపోతే ఆగిపోతుంది. పది లైన్ల స్క్రిప్టు.

లైనక్స్ వాళ్ళకు, ప్రోగ్రామ్‌ను విడి ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేసే పిప్‌ఎక్స్ వాడమని రాసి వదిలేశాం. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ నేరుగా ఇన్‌స్టాల్ చేయనివ్వదు, పెప్ 668 ప్రకారం ఆపేస్తుంది. అందుకని రీడ్‌మీలో పాత సూచన మార్చక తప్పలేదు. లైనక్స్ కోసం డెబ్ ప్యాకేజీ, ఫ్లాట్‌ప్యాక్ కూడా చేస్తే బాగుండునని అడిగినవాళ్ళున్నారు. ఎవరైనా ముందుకొచ్చి చూసుకుంటామంటే సంతోషం. మేం మొదలుపెడితే ఇంకో రెండు వాకిళ్ళు ఊడ్చాలి.

ఈ ఏర్పాటు మీద మొదటి విడుదల తమ్ముడే చేశాడు. ట్యాగ్ పెట్టాడు, పరీక్షలు పాసయ్యాయి, వాడి ఫోన్‌లోనే ఆమోదం నొక్కాడు. నాకు తెలిసింది షాపుల వాట్సాప్ గ్రూపులో లింకు పడ్డాకే. పాత నోట్‌బుక్‌లో ఉన్నదాంట్లో ఇప్పటికీ పనికొచ్చేది వర్క్‌ఫ్లో ఫైల్లో కామెంట్లుగా ఎక్కించాం.

తేలనిది ఒకటుంది, విండోస్ 7. ఇప్పటికీ కొన్ని షాపుల్లో అదే, అందులోనూ కొన్ని 32 బిట్‌వి. పేజ్‌మేకర్ నడుస్తోంది, ప్రింటర్ పలుకుతోంది, మార్చడానికి వాళ్ళకు కారణం లేదు. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ 3.8. ఇన్‌స్టాలర్ రూపంలో దొరికే వాటిలో చివరిది 3.8.10, 2021 మేలో వచ్చింది. 2024 అక్టోబరుతో 3.8కి భద్రతా సవరణలు కూడా ఆగిపోయాయి. వీల్‌ను కొత్త పైథాన్‌తో కడుతూ, ఇన్‌స్టాలర్‌ను మాత్రం 32 బిట్ 3.8 మీద కడుతున్నాం. అదే ఫైల్ 64 బిట్ సిస్టమ్‌ల మీదా నడుస్తుంది. మా కన్వర్టర్ నెట్ జోలికి పోదు కాబట్టి ప్రస్తుతానికి ఒప్పుకున్నాం. పాతవాళ్ళకొకటి, కొత్తవాళ్ళకొకటి, రెండు ఇన్‌స్టాలర్లు పెడదామని తమ్ముడు అంటాడు. రెండు పెడితే ఎవరు ఏది నొక్కుతారో, ఫోన్లు ఎవరికి వస్తాయో నాకు తెలుసు. పైఇన్‌స్టాలర్ 3.8ను వదిలేసే దాకా ఒక్కటే పెడదామన్నాను. వాడు ఇంకా ఒప్పుకోలేదు.